కొత్త గ్రాంథికం

తెలుగులో వ్యాసం ఎలా రాయాలో చెప్పే కొత్త పెద్దలు బయల్దేరారు. వీళ్ళకి చిన్నయసూరితో పేచీ లేదు, గిడుగుతో పరిచయం లేదు. వీళ్ళ దగ్గరున్నదల్లా ఒక చెక్‌లిస్టు. కంటెంట్ కంపెనీల్లో చేరిన పిల్లల చేతిలో మొదటి వారమే అది పెడతారు. వెబ్‌సైట్లు నడిపేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అది తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడిప్పుడే సాహిత్యం రాసేవాళ్ళ గడప దాకా కూడా వచ్చింది. "వ్యాసం బావుందండీ. కానీ ఏఐ సెర్చ్‌లో పైకి రావాలంటే కొంచెం మార్చాలి" అంటున్నారు.

ఏం మార్చాలట? శీర్షిక ప్రశ్నలా ఉండాలి. దానికి జవాబు మొదటి రెండు మూడు వాక్యాల్లోనే చెప్పెయ్యాలి. ప్రతి రెండు పేరాలకీ ఒక ఉపశీర్షిక ఉండాలి. ముందు పేరా చదవకపోయినా ఈ పేరా అర్థం కావాలి. "ఆయన", "ఆ కథ", "అప్పుడు" లాంటి మాటలు తగ్గించి, పేరు మళ్ళీ మళ్ళీ రాయాలి. వీలైన చోటల్లా అంకెలు, పట్టికలు, బుల్లెట్లు పెట్టాలి. చివర్లో 'తరచూ అడిగే ప్రశ్నలు' ఐదో ఆరో ఉండాలి. వ్యంగ్యం వద్దు, సందిగ్ధం వద్దు, చుట్టు తిరిగి రావడం అసలే వద్దు.

ఈ సలహాలు కొన్ని చోట్ల మంచివే. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ ఎలా మార్చాలో, రేషన్ కార్డుకి ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో చెప్పే పేజీ ఇలాగే ఉండాలి. అక్కడికి ఎవరూ అందం కోసం వెళ్ళరు. నా గొడవ ఈ కొలతబద్ద తీసుకొచ్చి వ్యాసం మీద, సమీక్ష మీద, జ్ఞాపకం మీద పెట్టడంతో. అంతకంటే ఎక్కువగా, దాన్ని మారుమాట్లాడకుండా ఒప్పేసుకుంటున్న మన సాహిత్య జనంతో.

ఈ చెక్‌లిస్టు ఎక్కణ్ణించి ఊడిపడిందో ముందు చూద్దాం. పాత సెర్చ్ ఇంజన్ మీ పేజీని ఒక పేజీగా చూసేది. అందులో ఏ మాటలున్నాయి, ఎవరెవరు దానికి లింకులిచ్చారు అని లెక్క చూసి, పది నీలం లింకుల వరసలో ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేది. కొత్త పద్ధతిలో మీ పేజీని ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కనీ ఒక పొడవాటి అంకెల వరసగా మారుస్తారు. ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్ననీ అలాగే అంకెలు చేసి, దానికి దగ్గరగా ఉన్న ముక్కల్ని నలుగురి పేజీల్లోంచీ ఏరి, భాషా మోడల్ ముందు పోస్తారు. అది అన్నిటినీ కలిపి ఒక జవాబు వండుతుంది. పక్కనో కిందనో చిన్న అక్షరాల్లో కొన్ని లింకులు పెడుతుంది. పేరా ఒంటరిగా నిలబడాలని అందుకే అంటారు. ముక్క కోసేటప్పుడు దాని పక్కది వెంట వస్తుందో లేదో ఎవరికీ తెలీదు.

2023 నవంబరులో ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు ఒక పేపరు విడుదల చేశారు. 'జెనరేటివ్ ఇంజన్ ఆప్టిమైజేషన్' అన్న పేరు చలామణీలోకి వచ్చింది దాంతోనే. పేజీలో అంకెలు, ఉటంకింపులు, ఆధారాలు చేరిస్తే యంత్రం ఇచ్చే జవాబులో ఆ పేజీ వాటా 40 శాతం దాకా పెరగొచ్చని వాళ్ళు తేల్చారు. పాతకాలంలోలాగా కీవర్డులు కూరడం మాత్రం పనిచెయ్యదన్నారు. ఆధారాలు చూపించమనడం మంచి మాటే కదా అనిపిస్తుంది. కానీ ఆ ప్రయోగంలో పేజీల్ని అలా తిరగరాసింది కూడా ఒక భాషా మోడలే. యంత్రానికి నచ్చేలా యంత్రం రాసింది, యంత్రం మెచ్చుకుంది. మధ్యలో మనిషికి పనే లేకపోయింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఏఐ ఓవర్‌వ్యూల్లో కనబడ్డానికి ప్రత్యేకంగా చెయ్యాల్సిందేమీ లేదని, ఎప్పటిలాగే జనానికి పనికొచ్చే పేజీ రాయమని గూగుల్ తన సూచనల్లోనే చెబుతోంది. దాని మాట పూర్తిగా నమ్మమని నేననను. కానీ దేవుడు అడక్కముందే గుండు కొట్టించుకునే భక్తుల్ని చూస్తుంటే నవ్వొస్తుంది.

ఇక తెలుగు సంగతి. తెలుగు వాక్యం కర్తని కడుపులో దాచుకుని నడుస్తుంది. "వచ్చింది. కూర్చుంది. కాఫీ తాగనంది." ఎవరో చెప్పలేదు, అయినా మనకి తెలుసు. ఆవిడతో రాసేవాడికి ఎంత చనువుందో కూడా క్రియ చివర్లోనే తెలిసిపోతుంది. వచ్చాడు, వచ్చారు, వచ్చింది, వేంచేశారు అనే ఈ నాలుగు మాటల మధ్య నాలుగు లోకాలున్నాయి. ఇప్పుడు చెక్‌లిస్టు ప్రకారం రాసి చూద్దాం: "శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలో జన్మించారు. శ్రీశ్రీ రచించిన మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వెలువడింది. శ్రీశ్రీ ఆధునిక తెలుగు కవిత్వంలో ముఖ్యమైన కవి." వెతికినా ఒక్క తప్పు దొరకదు. ఒక్క మనిషి కూడా దొరకడు. ఇది ఎవరు ఎవరితో అంటున్న మాట? తెలుగు వచనం ఎప్పుడూ ఒకరు ఇంకొకరితో మాట్లాడుతున్నట్టే ఉంటూ వచ్చింది. "అదేంటోగానీ", "సరే పోనీ", "చూడండి మరి" లాంటి మాటలకి సమాచారంగా విలువ సున్నా. వాటిని తీసేస్తే మిగిలేది నోటీసు బోర్డు.

చాసో 'ఎంపు' కథ తీసుకోండి. ముష్టెత్తుకునే పిల్ల కుంటివాణ్ణి ఇష్టపడుతుంది, తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. వాడి సంపాదన మెరుగు, పైగా పెళ్ళాం లేకపోతే వాడికి గడవదు. చిన్న కథే. దీనిమీద సమీక్ష రాయాలంటే చెక్‌లిస్టు ఏం చెప్తుంది? "ఎంపు కథ దేని గురించి?" అని ఉపశీర్షిక పెట్టి, "ఎంపు కథ బిచ్చగాళ్ళ జీవితంలోని పేదరికం గురించి" అని జవాబు రాయమంటుంది. ఆ జవాబు తప్పని అనలేం, కానీ దానివల్ల లాభం లేదు. ఆ కథ చదివినవాడికి గుచ్చుకునేది పేదరికం కాదు. ముష్టివాళ్ళ పెళ్ళిలో జరిగిన బేరమే మన ఇళ్ళల్లో పెళ్ళిచూపుల నాడు పట్టుపంచె కట్టుకుని కూర్చుంటుందని గుర్తుకు రావడమే అసలు దెబ్బ. ఆ గుర్తింపు దగ్గరికి పాఠకుణ్ణి మెల్లగా నడిపించాలి. మొదటి వాక్యంలోనే చెప్పేస్తే అది వట్టి అభిప్రాయమై పోతుంది. సమీక్షకుడి పని ఆ నడకే. యంత్రానికి నడక అక్కర్లేదు, గమ్యం పేరు చాలు.

వ్యంగ్యం గతి ఇంకా అన్యాయం. 2024 మే నెలలో అమెరికాలో ఏఐ ఓవర్‌వ్యూస్ అందరికీ తెరిచిన కొద్ది రోజులకే, పిజ్జా మీద చీజు జారిపోకుండా సాసులో జిగురు కలపమని ఒకరికి, రోజుకో చిన్న రాయి తినమని ఇంకొకరికి సలహా ఇచ్చింది. జిగురు మాట రెడిట్‌లో ఎవరో ఏళ్ళ కిందట వేసిన జోకు. రాయి మాట 'ది ఆనియన్' అనే వ్యంగ్య పత్రికది. రాసినవాడి మొహం చూడకుండా మాట ఒక్కదాన్నే కోసుకుపోతే ఇంతే జరుగుతుంది. ఇదే పద్ధతిలో కన్యాశుల్కాన్ని ముక్కలు చేస్తే, వితంతు వివాహం మీద గిరీశం తన అవసరం కొద్దీ చేసే వాదనలన్నీ గురజాడ సాంఘిక అభిప్రాయాలై కూర్చుంటాయి. దీనికి మన పెద్దలు చెప్పే మందు ఏమిటంటే వ్యంగ్యం తగ్గించడం. యంత్రానికి హాస్యం పట్టుబడలేదు గనక మనుషులు నవ్వడం మానాలిట!

పోనీ, ఇంత వంగితే దక్కేదేమిటి? పాత సెర్చ్‌తో మనకొక రాయని ఒప్పందం ఉండేది. నువ్వు నా పేజీ చదువుకో, బదులుగా నాకు పాఠకుణ్ణి పంపు. 'అసలేం జరిగిందంటే..?', 'ఇది తెలిస్తే షాకవుతారు' అనే శీర్షికలతో తెలుగు వార్తా సైట్లు ఆ ఒప్పందాన్ని ఎంత నీచానికి దించాయో మనం చూశాం. అయినా ఆ నీచానికి కూడా ఒక మనిషి కావాల్సి వచ్చేది. వాడు నొక్కాలి, లోపలికి రావాలి, తిట్టుకుంటూనైనా చదవాలి. ఇప్పుడా ఒప్పందం తెగిపోయింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చిలో అమెరికాలో 900 మంది బ్రౌజింగ్ చూసి ఇచ్చిన లెక్క ఇది: పైన ఏఐ సారాంశం కనబడినప్పుడు జనం మామూలు లింకు నొక్కింది 8 శాతం సందర్భాల్లో, కనబడనప్పుడు 15 శాతం సందర్భాల్లో. సారాంశం లోపలున్న లింకు నొక్కింది 1 శాతం. అది అమెరికా లెక్కే. కానీ మన ఫోనూ అదే ఫోను, మన బొటనవేలూ అదే బొటనవేలు.

అంటే ఈ చెక్‌లిస్టు పాటించి మీరు సంపాదించుకునేది పాఠకుణ్ణి కాదు, వంటకంలో ఒక దినుసయ్యే భాగ్యాన్ని. వార్తాసంస్థలకి ఈ సంగతి అర్థమైంది. 2024 నవంబరులో ఏఎన్‌ఐ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. వాళ్ళకి పోయేది డబ్బు కాబట్టి పోట్లాడుతున్నారు. మన వెబ్ పత్రికలకి ప్రకటనలే లేవు. నడిపేవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్ళు ప్రూఫులు దిద్దుకుంటూ, సర్వర్ ఖర్చు జేబులోంచి పెట్టుకుంటున్నారు. వ్యాపారం చేసేవాడు వంగాడంటే బతకడానికని సరిపెట్టుకుంటాం. పోయే వ్యాపారమే లేని మనం దేనికి వంగుతున్నాం?

దీనికి ఎదురు వాదన ఒకటుంది. తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. "అయ్యా, నెట్‌లో తెలుగే తక్కువ. రేపు బెంగళూరులోనో డాలస్‌లోనో పెరిగే తెలుగు పిల్ల చాసో ఎవరని యంత్రాన్నే అడుగుతుంది. మీరు మడి కట్టుకుని కూర్చుంటే దానికి దొరికేది ఎవడో రాసిన చెత్త. దాన్నే చెప్తుంది. అప్పుడు చాసోకి అన్యాయం చేసింది మీరే." అంటారు.

భయం నిజమైనదే. యంత్రాల లోకంలో తెలుగు మొదట్నించీ వెనక బెంచీలోనే ఉంది. 'తెలుగు' అన్న మాట తెలుగు లిపిలో రాస్తే యూటీఎఫ్-8లో 18 బైట్లు, అదే ఇంగ్లీషు అక్షరాల్లో 6. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ తనే ఒక లెక్క చూపించింది. ఒక చిన్న పలకరింపు ఇంగ్లీషులో పాత పద్ధతిలో 27 టోకెన్లయితే, తెలుగులో 159. కొత్త పద్ధతిలో ఇంగ్లీషుకి 24, తెలుగుకి 45. అంటే నిన్నమొన్నటి దాకా ఒకే మాట చెప్పడానికి మనం ఇంగ్లీషువాడికి ఆరింతలు మూల్యం కట్టాం. దానికి తోడు దశాబ్దాల తెలుగు పత్రికా రచన అను ఫాంట్ల లాంటి యూనికోడ్ కాని అచ్చులోనూ, స్కాన్ చేసిన బొమ్మల్లోనూ ఇరుక్కుపోయి ఉంది. మనిషి చదవగలడు గానీ, యంత్రానికి అది అక్షరమని కూడా తెలీదు.

ఈ కష్టాల్లో ఒక్కటైనా వాక్యం తీరు వల్ల వచ్చిందా? టోకెన్ల సంగతి వాళ్ళ ఇంజనీరింగ్. ఫాంట్ల సంగతి మన నిర్లక్ష్యం. బుల్లెట్లు పెడితే రెండూ తీరవు. ఇక్కడే రెండు పనుల్ని వేరు చెయ్యాలి. పాత సంచికల్ని యూనికోడ్‌లోకి మార్చి పెట్టడం, కవితని బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఎక్కించడం, సమీక్షలో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం సరిగ్గా ఇవ్వడం, లింకులు చెడిపోకుండా చూడ్డం అన్నీ చెయ్యాల్సిన పనులు. యంత్రం కోసం కాకపోయినా చెయ్యాల్సినవే. చూపు లేని పాఠకుడు స్క్రీన్ రీడర్‌తో వినాలన్నా, ఇరవై ఏళ్ళ తర్వాత ఒక పరిశోధక విద్యార్థి వెతుక్కోవాలన్నా ఇవే కావాలి. ఇల్లు ఊడ్చుకుని తలుపు తీసి పెట్టడం గృహస్థు ధర్మం. వచ్చేవాడి కొలతలకి గోడలు పడగొట్టుకోవడం వేరే పని. చెక్‌లిస్టు వాళ్ళు మొదటిదాని పేరు చెప్పి రెండోది చేయిస్తున్నారు.

పైగా యంత్రం కోసం తెలుగు రాసిపెట్టే ప్రయోగం మన కళ్ళముందే ఒకసారి జరిగింది. 2009-2011 మధ్య గూగుల్ తన అనువాద పనిముట్లతో, అనువాదకుల్ని పెట్టి, ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల్ని కొన్ని భారతీయ భాషల్లోకి ఎక్కించింది. తెలుగు వికీపీడియాలోకీ అవి వచ్చిపడ్డాయి. తెలుగు ఎక్కువైతే మంచిదేగా అన్నదే అప్పటి వాదన కూడా. బెంగాలీ వికీపీడియన్లు నాణ్యత లేదని అభ్యంతరం చెప్పారు. మనవాళ్ళు ఉండనిచ్చారు. ఏ తెలుగు మనిషీ అడగని, ఎవరూ తమది అనుకోని ఆ కృతక వాక్యాల్ని దిద్దలేక స్వచ్ఛంద సంపాదకులు ఏళ్ళ తరబడి తల పట్టుకున్నారు. చివరికి వాటిని తీసెయ్యాలనే తీర్మానానికి రావాల్సొచ్చింది. భాషకి బరువు పెరిగింది గానీ బలం రాలేదు. రేపటి యంత్రాలు నేర్చుకునే తెలుగు ఇవాళ మనం నెట్‌లో పెట్టే తెలుగే. దానికి నచ్చేలా రాసింది పెడితే, అది తన ఎంగిలి తనే తిని, ఇదే తెలుగని మన పిల్లలకి నేర్పుతుంది. చాసో గురించి అడిగే ఆ డాలస్ పిల్లకి నిజంగా మేలు చెయ్యాలంటే, చాసోని ప్రేమగా, కోపంగా, వివరంగా చదివిన ఒక మనిషి రాసిన వ్యాసం నెట్‌లో ఉండాలి. యంత్రం దాన్ని సగమే అర్థం చేసుకున్నా పరవాలేదు. మిగతా సగం కోసం ఆ పిల్లే ఏదో ఒకరోజు మన పేజీకి వస్తుంది. ఇద్దరికీ సరిపడా పలచన చేసి పెడితే, వచ్చి చూసేందుకు అక్కడ ఏమీ ఉండదు.

వంద, నూట పదేళ్ళ కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి గొడవే నడిచింది. పిల్లలు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది అప్పటి ప్రశ్న. పండితులు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలోనే రాయాలన్నారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. గిడుగు ఊరూరా తిరిగి, ఆ పండితులు రాసిన పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించాడు. ఎవరి నాలుకమీదా లేని భాషని ఎవరూ తప్పుల్లేకుండా రాయలేరని నిరూపించాడు. ఆనాడు ఒడిపోయింది ఒక వ్యాకరణం మాత్రమే అనుకోకండి. రాసేవాడు తన ఎదుట కూర్చున్న మనిషిని కాకుండా, పైనెక్కడో మార్కులు వేసే పరీక్షాధికారిని చూస్తూ రాయాలన్న పద్ధతి కూడా ఓడిపోయింది.

ఆ పరీక్షాధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి పంచె, శాలువా లేవు. మార్కులు ఎలా వేస్తాడో చెప్పడు, నెలకోసారి పద్ధతి మారుస్తాడు, మనం రాసిన జవాబు పత్రాన్ని తన పేరుతో జనానికి చదివి వినిపిస్తాడు. ఇతని కోసం తయారవుతున్న ఈ ముక్కల భాష, ఈ ప్రశ్నోత్తరాల భాష కొత్త గ్రాంథికం. పాత గ్రాంథికానికి కనీసం నన్నయ, తిక్కనల అండ ఉండేది. దీనికి ఉన్నదల్లా ఒక ఎక్సెల్ షీటు.

కాబట్టి వెబ్ పత్రికలు నడిపేవాళ్ళకి నా మాట ఇది. పాత సంచికలు బాగుచెయ్యండి, తేదీలూ పేర్లూ సరిచెయ్యండి. దానికి కుర్రాళ్ళ సాయం అడగండి, వస్తారు. మీ పేజీల్ని ఏ క్రాలర్ చదవొచ్చో, ఏది చదవకూడదో మీరే కూర్చుని తేల్చుకోండి, వేరేవాళ్ళని తేల్చనివ్వకండి. రచయితకి మాత్రం ఉపశీర్షికలు పెట్టమని, మొదటి పేరాలోనే ముగింపు చెప్పెయ్యమని ఉత్తరం రాయకండి. ఇప్పుడే రాయడం మొదలెట్టినవాళ్ళకి చెప్పేది ఇంకా తక్కువ. మీ వ్యాసం చదివే ఒక్క స్నేహితుణ్ణో స్నేహితురాలినో మనసులో పెట్టుకోండి. సగం చదివి "ఇదేంటి, ఇలా అంటావేంటి?" అని అర్ధరాత్రి ఫోన్ చేసే మనిషిని. ఆ మనిషి ఒప్పుకోకపోవచ్చు, పోట్లాడొచ్చు, మధ్యలో నిద్రపోవచ్చు కూడా. మీ వాక్యం పొడవెంతో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ పేరు చెప్పకుండా "వచ్చింది" అంటే చాలో ఆ మనిషి వల్లే మీకు తెలుస్తుంది. ఇంకెవరివల్లా తెలీదు.